బయోపెల్లెట్లు పెట్టినా నైట్రేట్ దిగట్లేదు, ఎందుకు?

మాది 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు. క్లౌన్‌ఫిష్ జంట, కొన్ని మెత్తటి కోరల్స్ ఉన్నాయి. నైట్రేట్ 40 పీపీఎం దగ్గరే ఆగిపోయింది. నీళ్లు మారిస్తే తగ్గుతుంది, మళ్లీ మామూలే. ఉప్పు ఖర్చు తట్టుకోలేక రియాక్టర్‌లో (నీళ్లు తిరిగే డబ్బా) బయోపెల్లెట్లు, అంటే బ్యాక్టీరియాకు కార్బన్ అందించే గుళికలు, వేశాను. బ్యాక్టీరియా ఆ గుళికల్లోని కార్బన్‌ను తిని పెరుగుతూ నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ లాక్కోవాలి, ఆ బ్యాక్టీరియాను స్కిమ్మర్ (నురగతో మలినాలు లాగే పరికరం) బయటికి తీసేయాలి. లెక్క బాగానే ఉంది, నెలలు గడిచినా నైట్రేట్ మాత్రం కదలట్లేదు.

టెస్ట్ కిట్‌లో ఫాస్ఫేట్ సున్నా వస్తోంది. జీఎఫ్ఓ (ఫాస్ఫేట్‌ను పీల్చే ఐరన్ ఆక్సైడ్) కూడా నడుస్తోంది. ఫాస్ఫేట్ చాలకే బ్యాక్టీరియా పెరగట్లేదా? జీఎఫ్ఓ ఆపేయమంటారా? లేక గుళికలు ఇంకా జోరుగా తిరగాలా? రియాక్టర్ నుంచి వచ్చే నీళ్లు స్కిమ్మర్ పక్కనే పడుతున్నాయి. నైట్రేట్ ఒక్కసారిగా పడిపోతే కోరల్స్ ఏమవుతాయోనని ఇంకో టెన్షన్. వాడి చూసినవాళ్లు కాస్త చెప్పండి.