రెక్సమ్ సెయింట్ గైల్స్ చర్చి: ఒకే కట్టడంలో ఇన్ని తేడాలెందుకు?

కడప_ఆర్కి:
మా బావ వేల్స్‌లో రెక్సమ్ అనే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడు, అదే, సినిమా హీరోలు ఫుట్‌బాల్ టీమ్ కొన్న ఊరు. నేను ఇక్కడ కడపలో ఆర్కిటెక్చర్ చదువుతున్నా, అసైన్‌మెంట్‌కి పనికొస్తాయని అక్కడి పాత చర్చి ఫోటోలు పంపమంటే కుప్పగా పంపాడు. చూస్తే తికమకగా ఉంది. లోపల స్తంభాలు సాదా ఎనిమిది పలకలవి, పైవరుస కిటికీలు వేరే తీరు, టవర్ నిండా బొమ్మలూ చెక్కడాలూ. బలిపీఠం ముందున్న పెద్ద ఆర్చి పక్కల్లో విరిగిన రాతి ముక్కలు పొడుచుకొచ్చి ఉన్నాయి. టవర్ మీద మన చర్చిల్లాగా సూదిమొన శిఖరం కూడా లేదు. ఇది ఒక్కసారి కట్టింది కాదు కదా? ఏది ముందు, ఏది తర్వాత?

తాడిపత్రి_రాళ్లు:
తమ్ముడూ, జవాబు ఆ విరిగిన ముక్కల్లోనే ఉంది. అక్కడ మొదట ఉన్నది ఆర్చి కాదు, కిటికీ! 14వ శతాబ్దంలో చర్చి తూర్పు గోడ అక్కడితో అయిపోయేది, దానికి పెద్ద కిటికీ, కిటికీలో రాతి అల్లిక. 16వ శతాబ్దం మొదట్లో బలిపీఠానికి అవతల కొత్త భాగం కట్టాలనుకుని, గోడ పడగొట్టకుండా కిటికీని కిందికంటా కోసి దారి చేశారు, అల్లిక మొదళ్లు మాత్రం పక్కల్లో అట్లే మిగిలిపోయినాయి. నువ్వు చూసింది వాటినే. ఆ కొత్త భాగం తూర్పు కొస పలకలు పలకలుగా మలుపు తిరిగి ఉంటుంది చూడు, అక్కడి మామూలు ఊరి చర్చిల్లో అది అరుదు, మామూలుగా చదరపు గోడతోనే ముగిస్తారు.

కాబట్టి వరుస ఇది: నడిమి హాలు స్తంభాలు 14వ శతాబ్దానివి. 15వ శతాబ్దంలో అగ్నిప్రమాదం జరిగింది, తర్వాత పైభాగం, కప్పు కొత్తగా చేశారు. పైవరుస కిటికీల తీరు మారింది అందుకే. టవర్ 1506లో మొదలైంది, ఎత్తు దాదాపు 41 మీటర్లు. అప్పటికి ఆ దేశంలో మొనదేలిన శిఖరాల మోజు తగ్గి, పైన బల్లపరుపుగా ఉండి మూలల్లో చిన్న బురుజులు లేచే టవర్లు ఫ్యాషన్. మన దగ్గర మిషనరీల కాలంలో కట్టిన చర్చిలకు శిఖరాలెందుకంటే, 19వ శతాబ్దంలో వాళ్లు మళ్లీ అంతకు ముందటి గోథిక్‌నే, అంటే మొనదేలిన ఆర్చిల మధ్యయుగపు శైలినే, వెనక్కి తెచ్చుకున్నారు. అంటే వయసులో చిన్నవి మనవి, వేషం మాత్రం పాతది.

మా ఊళ్లో బుగ్గ రామలింగేశ్వర గుడి గోపురాలు సగంలో ఆగిపోయినాయి కాబట్టి ఏ వరుస తర్వాత ఏది పేర్చారో కళ్లకు కనపడుతుంది. పూర్తయిన కట్టడంలో ఆ పని కష్టం, అతుకుల కోసం వెతుక్కోవాల్సిందే.

ఉరవకొండ_వాసి:
ఆ చర్చి ఆవరణలో ఎలీహు యేల్ సమాధి ఉంది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమప్పా. 1687 నుంచి 1692 దాకా ఈస్టిండియా కంపెనీ తరఫున మద్రాసు కోటకు గవర్నర్. పుట్టింది అమెరికాలో బోస్టన్‌లో, చనిపోయింది 1721లో లండన్‌లో, పూర్వీకుల ఊరు రెక్సమ్ పక్కనే కాబట్టి అక్కడ పూడ్చారు. యేల్ యూనివర్సిటీకి ఆ పేరు ఈయన పంపిన సరుకులు, పుస్తకాల వల్ల వచ్చిందే, ఆ కృతజ్ఞతకు వాళ్లు తమ క్యాంపస్‌లో ఈ టవర్ నమూనా ఒకటి కట్టుకున్నారు. ఆయన కొడుకును పూడ్చింది ఇప్పటి మద్రాసు హైకోర్టు ఆవరణలోనే. సొంత వ్యాపారంతో జేబు నింపుకున్నాడన్న ఆరోపణలతో పదవి పోయింది, వజ్రాల వ్యాపారం కూడా చేశాడు. వజ్రాలు దొరికే వజ్రకరూరు పక్కవాణ్ణి, ఆ మాట దగ్గర నేను ఊరికే దాటిపోలేను. మద్రాసు నుంచి బానిసల్ని ఓడలెక్కించింది కూడా ఆయన ఏలుబడిలోనే. అసైన్‌మెంట్‌లో దాత అని మాత్రమే రాసి వదిలేయొద్దు.

కడప_ఆర్కి:
అన్నా, ఇది అసలు ఊహించలేదు! ఆర్చి పైన మాసిపోయిన బొమ్మలు కూడా ఉన్నాయి, సమాధుల్లోంచి మనుషులు లేస్తున్నట్టు. అవేంటి?

నంద్యాల_టీచరమ్మ:
అది తీర్పుదినం చిత్రం బాబూ. మధ్యలో క్రీస్తు, చెరో పక్క మరియమ్మ, బాప్తిస్మమిచ్చు యోహాను, కింద సమాధుల్లోంచి లేచే జనం. 16వ శతాబ్దపు మతసంస్కరణ (ప్రొటెస్టంట్లు క్యాథలిక్ చర్చి నుంచి విడిపోవడం) తర్వాత అక్కడి చర్చిల్లో ఇట్లాంటి బొమ్మల మీద సున్నం కొట్టేశారు, ఇది 19వ శతాబ్దంలో మరమ్మతులు చేస్తుంటే బయటపడింది. మన లేపాక్షి పైకప్పు చిత్రాలు కూడా 16వ శతాబ్దానివే, ఇంచుమించు సమకాలికాలు. కాకపోతే లేపాక్షి చిత్రాల మీద అట్లా సున్నం పడలేదు.

ఇంకో సంగతి. రెజినాల్డ్ హీబర్ అనే ఇంగ్లీషు పాదిరి 1819లో మామగారు పాస్టరుగా ఉన్న ఈ ఊరికి వచ్చి, మర్నాటి ఆరాధన కోసం అక్కడే ఒక మిషనరీ కీర్తన రాశాడు. తర్వాత కలకత్తా బిషప్‌గా వచ్చి 1826లో తిరుచ్చిలో చనిపోయాడు. ఆ కీర్తనలో మన దేశం వాళ్ల గురించి ఉన్న చూపు నాకైతే నచ్చదు, నేను చర్చికి వెళ్లేదాన్నే అయినా.

తాడిపత్రి_రాళ్లు:
టీచరమ్మ చెప్పినదానికి ఒకటి కలుపుతా: కిటికీని కోసి ఆర్చి చేశాక పైన ఆ ఖాళీ గోడ మిగిలింది, దాని మీదే ఆ చిత్రం వేశారు. తమ్ముడూ, మీ బావను నడిమి హాలులో నిలబెట్టి ఆర్చి రెండు పక్కలూ దగ్గరగా, ఫ్లాష్ లేకుండా తీయమను, అల్లిక మొదళ్లు స్పష్టంగా కావాలి. యేల్ సమాధి లోపల వెతకొద్దను, బయట పడమటి వైపు టవర్ దగ్గరుంటుంది.