పేరు తేల్చుకుని రాయి తీయాలా, రాయి తీశాక పేరు తేల్చాలా?

ఎర్రమట్టిరాయి:
ప్రాణహిత-గోదావరి లోయలోని డైనోసార్ శిలాజాలు దొరికే కోటా రాతి పొరల నుంచి వచ్చిన ప్లాస్టర్ జాకెట్ (శిలాజాన్ని రాయితో సహా చుట్టి తెచ్చే తొడుగు) ఒకటి బల్ల మీద ఉందనుకోండి. లోపల ఎర్ర మట్టిరాయి, అక్కడక్కడా సున్నం పట్టి గట్టిపడిన ముద్దలు. 60 సెం.మీ. పొడవున ఏదో ఎముక పక్కభాగం బయటపడింది, కొసలు రెండూ రాయిలోనే ఉన్నాయి. అది ఏ ఎముకో ముందు ఒక అంచనాకు వచ్చి, దాని ప్రకారమే రాయి తీయాలంటాను. పక్కటెముక అయితే పైకొసన రెండు తలలుంటాయి, వాటి మధ్య పలచని రేకు ఉంటుంది. తొడ ఎముక అయితే వెనక లోపలి వైపు నాలుగో ట్రోకాంటర్ అనే గట్టు వస్తుంది. జఘనాస్థి అయితే అంచుకు దగ్గర్లో రంధ్రం ఉండొచ్చు. ఎక్కడ ఏం రాబోతుందో తెలియకుండా ఎయిర్ స్క్రైబ్ (గాలి ఒత్తిడితో కొట్టుకుంటూ రాయిని చెక్కే మొన) ఆనిస్తే, 2 మి.మీ. రేకు ఎగిరిపోయాక గానీ అక్కడ రేకు ఉండేదని తెలీదు. విరిగిన చోట అడ్డకోత చూస్తే సగం సమాధానం దొరుకుతుంది. లోపల బోలు, గోడ పలచన అయితే మాంసాహారి డైనోసార్. నిండా స్పంజిలా ఉంటే సారోపాడ్ (పొడవాటి మెడ ఉన్న భారీ శాకాహారి డైనోసార్) కాలు.

సూదిమొన:
ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! అంచనా బుర్రలో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, చేతిలోకి దిగితేనే చిక్కు. "ఇక్కడ గట్టు ఉండాలి" అనుకున్నవాడు రాతిముద్దనే గట్టుగా చెక్కి వదిలేస్తాడు. "ఇక్కడ నునుపుగా ఉండాలి" అనుకున్నవాడు అసలు గట్టునే గీకేస్తాడు. ఈ ఎర్ర పొరల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఎముక మీద హెమటైట్ (ఇనుప ఖనిజం) పెంకు కడుతుంది, అది ఎముక కంటే గట్టిది, రంగూ ఇంచుమించు అదే. పెంకును లాగితే ఎముక పైపొర దాంతో పాటే లేచొస్తుంది.

అడ్డకోత సంగతీ అంత తేలిక కాదండీ. చిన్న శాకాహారి డైనోసార్ల కాలి ఎముకలూ బోలే, టెరోసార్లు అనే ఎగిరే సరీసృపాలవీ బోలే. పైగా కోటా పొరల్లో డైనోసార్లొక్కటే దొరకవు.

నా లెక్కలో అనుసరించాల్సింది ఎముక ఉపరితలాన్ని, పుస్తకంలో బొమ్మను కాదు. కనిపిస్తున్న ఎముక దగ్గర మొదలెట్టి, రాయిని ఎముక మీది నుంచి బయటి వైపుకు నెట్టుకుంటూ పోవాలి. స్క్రైబ్ మొన ఎప్పుడూ ఎముకలోకి గురిపెట్టకూడదు. 10 రెట్ల మైక్రోస్కోప్ కింద, ఆఖరి ఒకటి రెండు మిల్లీమీటర్లు కార్బైడ్ సూదితోనే.

అసిటోన్‌డబ్బా:
ఇద్దరూ మర్చిపోతున్న చోటు ఒకటుంది. వెన్నుపూసలో కింది దిమ్మెకూ పై ఆర్చ్‌కూ (నాడిని కప్పే కమాను) మధ్య ఒక గీత కనిపిస్తుంది. చూడగానే పగులే అనిపిస్తుంది, చెయ్యి ఫెవిక్విక్ కోసం వెళ్తుంది. అది పగులు కాకపోవచ్చు, ఇంకా అతుక్కోని సంధి కావచ్చు. అంటే జంతువు ఎదగడం పూర్తి కాలేదని చెప్పే ఆధారమన్నమాట.

తేడా కనిపెట్టే తీరిది. పగులు తిన్నగా సాగుతుంది, స్పంజి గదులను మధ్యకు కోసుకుంటూ పోతుంది, అంచులు పదునుగా ఉంటాయి. సంధి రంపపు పళ్లలా వంకరలు తిరుగుతుంది, దాని అంచు వెంట ఎముక గుండ్రంగా లోపలికి మడుచుకుంటుంది, పూసకు రెండు వైపులా ఒకే ఎత్తున ఉంటుంది. అందులోకి సూపర్‌గ్లూ దిగితే మళ్లీ తీయడం దాదాపు అసాధ్యం. పగులో సంధో తేలేదాకా అసిటోన్‌లో 5 శాతం ప్యారలాయిడ్ బి-72 అనే రెజిన్ జిగురు చుక్కలుగా వేస్తే చాలు, కావాలంటే అసిటోన్‌తోనే కరిగించి తీసేయొచ్చు. ఒక్క జాగ్రత్త, రాయి తడిగా ఉంటే వేయొద్దు. తెల్లగా పొర కడుతుంది, ఆ పొర కింద సంధీ కనిపించదు, పగులూ కనిపించదు.

ఎర్రమట్టిరాయి:
నేనన్నదీ అదే కదా సర్. సంధి ఉంటుందని ముందే తెలిసినవాడికే అది సంధిలా కనిపిస్తుంది. బరపాసారస్ అనే సారోపాడ్‌నే తీసుకోండి. దాని వీపు పూసల్లో ఆర్చ్ పక్కనున్న గుంత లోపలి నాడీ కాలువ వైపుకు తెరుచుకుంటుంది. ఆ సంగతి తెలియనివాడు దాన్ని విరిగిన కన్నం అనుకుని ప్లాస్టర్ నింపేస్తాడు. అదే పొరల్లో, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే మరో సారోపాడ్ పూసలు అంతకంటే సాదాసీదావి. రెంటినీ వేరు చేసే గుర్తు మీదే ప్లాస్టర్ పూసేస్తే ఇక ఆ పూస ఎవరిదని చెప్తారు?

సూదిమొన:
తెలిసి ఉండటం వేరు, తేల్చేసుకోవడం వేరు. తమిళనాడు కల్లమేడు దగ్గర దొరికిన బృహత్కాయోసారస్ గుర్తుందా? 1980ల చివర్లో దాన్ని మాంసాహారి అని ప్రకటించారు. కాలి ఎముక ఒక్కటే 2 మీటర్లు. తర్వాత దాన్ని సారోపాడ్లలోకి మార్చారు. ఎముకలేమో పొడిపొడి అయిపోయాయని 2017లో బయటికొచ్చింది. ఇప్పుడు సరిచూసుకుందామంటే బొమ్మలూ పాత ఫొటోలే గతి.

అసిటోన్‌డబ్బా:
ఆ ఉదాహరణ మీ వాదానికి పూర్తిగా అతకదు. అక్కడ పోయింది ఎముకే. ఉబ్బే బంకమట్టిలో, వానల్లో ఎముకకు గట్టిదనం పట్టించడం, జాకెట్ వేయడం అనే తగవు అది. రాయి తీసే వరసది కాదు.

గోదారిఒడ్డు:
ఊహ ఉండనివ్వండి, కానీ దాన్ని పడగొట్టగల చోటే ముందు తెరవండి. "ఇది మెడ పూస" అనుకుంటే, పక్కటెముక అతుక్కునే కింది ముఖం ఎక్కడుందో చూడాలి. దిమ్మె మీద కిందికి ఉంటే మెడ కావచ్చు, ఆర్చ్ మీదికి ఎక్కి ఉంటే వీపు. దిమ్మె అడుగున కొసల్లో చెవ్రాన్ (తోక కింద వేలాడే V ఆకారపు ఎముక) ముఖాలు కనిపిస్తే అది తోక, ఇక వాదన లేదు. రాయిలో రెండు మూడు సెం.మీ. కిటికీ చాలు. మిగతా రాయి ఆసరాగా ఉంటుంది, ఎముక కూడా విరగదు.

ఈ పొడవాటి ఎముకకైతే నేను మధ్యభాగం జోలికి పోను, కొస దగ్గర కిటికీ తీస్తాను. పొడవాటి ఎముకలన్నీ మధ్యలో ఒకేలా కనిపిస్తాయి, అసలు సంగతి చెప్పేది కొసలే.

రంధ్రాల్లోని రాయి ఆఖర్న తీయండి. తీసిన మట్టిని పారేయొద్దు, ఏ కిటికీలోదో రాసిన సంచిలో వేసి అరమిల్లీమీటరు జల్లెడ పట్టండి. కోటా పొరల్లో చిన్న చిన్న పళ్లు, చేప పొలుసులు దొరుకుతాయి. పెద్ద ఎముక మోజులో వాటినే తుడిచేస్తారు.

ఎర్రమట్టిరాయి:
సున్నపు ముద్దలున్న చోట అసిటిక్ ఆమ్లం వాడొచ్చా? కిటికీ త్వరగా తెరుచుకుంటుంది.

సూదిమొన:
ఈ జాకెట్‌లోని రాయికి వద్దు. ఆమ్లం సున్నాన్నే కరిగిస్తుంది, మట్టి అలాగే ఉంటుంది. పైగా తడికి మట్టి ఉబ్బి ఎముకను చీలుస్తుంది. అచ్చంగా సున్నపురాయి అయితే 5 శాతం ద్రావణంలో ముందే కాల్షియం ఫాస్ఫేట్ కలిపి వాడతారు, లేకపోతే ఎముకలోని ఫాస్ఫేటే కరుగుతుంది. తర్వాత ఆమ్లంలో ఉంచిన దానికి ఎన్నో రెట్ల సేపు నీటిలో కడగాలి.

గోదారిఒడ్డు:
ఆ ముద్దల మీద బేకింగ్ సోడా బ్లాస్టర్ (సోడా పొడిని గాలితో చిమ్మే పరికరం) కూడా పెద్దగా పనిచేయదు. సోడా గట్టిదనం మోస్ కొలతలో 2.5, ఎముకలోని అపటైట్‌ది 5. అందుకే ఎముకకు భయం తక్కువ, గట్టి ముద్ద మాత్రం కదలదు. స్క్రైబ్‌తో ముద్దను పక్కల నుంచి పలచన చేసి, అడుగు సూదికి వదిలేయండి. స్క్రైబ్ జారి గాట్లు పడితే అవి ఎక్కడున్నాయో కాగితం మీద గీసి పెట్టండి. లేకపోతే మరొకరు వాటినే పంటిగాట్లని రాస్తారు.

సూదిమొన:
మీ కిటికీ పద్ధతికి ఒప్పుకుంటాను, కిటికీ తెరిచేదాకా లేబుల్ మీద "తొడ ఎముక" అని రాయనంటే. "పొడవాటి ఎముక, కొసలు కనిపించడం లేదు" అని రాయండి చాలు.

ఎర్రమట్టిరాయి:
పెన్సిల్‌తో "తొడ ఎముక?" అని రాస్తాను. ప్రశ్నార్థకం మాత్రం పెన్నుతో.