జిమ్నీకి లక్షన్నర బడ్జెట్: ముందు టైర్లా, లిఫ్టా, వించా?

జయపురం_కాఫీ:
అందరికీ నమస్కారం. 2023 మోడల్ మారుతి జిమ్నీ (ఐదు డోర్ల ఫోర్ వీల్ డ్రైవ్ బండి) సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. లమ్తాపుట్ అవతల మావయ్య గారి కాఫీ తోట ఉంది, దాని పని నేనే చూస్తున్నాను కాబట్టి బండి ఎక్కువగా ఆ దారిలోనే తిరుగుతుంది. మెయిన్ రోడ్డు బాగానే ఉంటుంది. చివరి ఐదారు కిలోమీటర్లు మాత్రం ఎర్రమట్టి, మధ్యలో రెండు గెడ్డలు (వాగులు). వానలు పడితే ట్రాక్టర్లు తిరిగి తిరిగి దారంతా గాడులు పడిపోతాయి. అప్పుడప్పుడు సాలూరు ఘాటీ దిగి విశాఖ వెళ్తుంటాను.

విశాఖలో ఒక షాపువాళ్లు రాసిచ్చిన లిస్టు ఇది: రెండంగుళాల లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే సామాను), స్టీల్ బంపర్, వించ్ (దిగబడిన బండిని తాడు చుట్టి లాగే యంత్రం), పైన ఎల్‌ఈడీ బార్, స్నార్కెల్ (ఇంజన్‌కి పైనుంచి గాలి తెచ్చే గొట్టం). టైర్లు తర్వాత చూద్దాం అన్నారు. మా బావేమో ముందు టైర్లే మార్చమంటాడు. ఉన్నది లక్షన్నర, అన్నీ రావు. ఏది ముందు?

ఘాటీ_డ్రైవర్:
టైర్లు. ఏటీ (ఆల్ టెరైన్, తారుకీ మట్టికీ పనికొచ్చేవి) రకం, ఐదూ ఒకే సైజు. మీ బావ మాట వినండి.

గుణుపురం_గుర్ఖా:
నేను ఒప్పుకోను. నా ఫోర్స్ గుర్ఖా జీపుకి ముందూ వెనకా డిఫ్ లాకులు (ఒక చక్రం ఉత్తినే తిరగకుండా రెండూ కలిసి తిరిగేలా చేసేవి), స్నార్కెల్ అన్నీ కంపెనీ నుంచే వచ్చాయి. టైర్లు కూడా మంచివే వేయించాను. అయినా కాశీనగర్ దగ్గర వంశధార ఇసుకలో పొట్ట ఆనేదాకా దిగబడింది. బయటికి తెచ్చింది ట్రాక్టర్. మంచి టైర్లతో జరిగేదేమిటంటే, ఇక్కడ దిగబడాల్సిన బండి ఇంకో కిలోమీటరు లోపలికి పోయి దిగబడుతుంది. లమ్తాపుట్ అవతల సాయంత్రం ఆరు దాటాక ఫోన్ చేస్తే ఎవరొస్తారు? అసలు సిగ్నల్ ఉంటే కదా. ఒంటరిగా తిరిగేవాడికి ముందు కావాల్సింది బయటపడే సాధనం. నా ఓటు వించ్‌కే.

ఘాటీ_డ్రైవర్:
ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి దించారా అన్నా?

గుణుపురం_గుర్ఖా:
దించాను, ఇరవై పీఎస్‌ఐ దాకా.

ఘాటీ_డ్రైవర్:
అంత బరువు బండికి పొడి ఇసుకలో ఇరవైకి దించితే చాలదు. ఇంకా దించాలి.

రాయగడ_షెడ్డు:
లిస్టు చూశాను తమ్ముడూ. అందులో ఉన్నవన్నీ పనికొచ్చేవే, కాకపోతే వరస తలకిందులుగా ఉంది. పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదువుకో.

ముందు లిఫ్ట్ సంగతి. జిమ్నీకి ముందు రెండు చక్రాల మధ్య ఒకటి, వెనక రెండు చక్రాల మధ్య ఒకటి అడ్డంగా ఇనప హౌసింగ్ ఉంటుంది, దానిలో గుండ్రంగా ఉబ్బి ఉండేది డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె). కంపెనీ చెప్పే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌ని నేల నుంచి బండి అడుగున అన్నిటికంటే కిందుగా ఉన్న చోటికి కొలుస్తారు. ఇలాంటి బండిలో ఆ చోటు డిఫరెన్షియలే. లిఫ్ట్ కిట్ అంటే పొడుగు స్ప్రింగులు, వాటికి తగ్గ షాకులు. అవి చాసిస్‌ని, బాడీని పైకెత్తుతాయి. హౌసింగ్ చక్రాలకి బిగించి ఉన్నది, అది ఎక్కడికీ లేవదు. రెండంగుళాలు ఎత్తించినా డిఫరెన్షియల్ కింద అదే 210. నీ ట్రాక్టర్ గాడుల్లో నడిమి గట్టుకి ముందు రాసుకునేది అదే. దాన్ని లేపగలిగింది టైరు ఒక్కటే.

అదైనా ఎంత లేపుతుందో లెక్క చూసుకో. కంపెనీ టైరు 195/80 ఆర్15, దాని ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703. ఆ పది తేడాలో సగమే కింద కలిసొస్తుంది, అంటే 5 మిల్లీమీటర్లు. 235/75 వేస్తే 20 వస్తుంది కానీ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకోవచ్చు, స్పీడోమీటర్ దాదాపు ఆరు శాతం తేడా చూపిస్తుంది, ఘాటీ ఎక్కేటప్పుడు ఒక గేరు ముందే తగ్గించాలి. కాబట్టి టైరు మార్చేది ఎత్తు కోసం అనుకోవద్దు. బురదలో పట్టు కోసం, రాళ్ల మీద పక్కగోడ చీలకుండా ఉండటం కోసం.

రెండోది బరువు. ఇది ఏ షాపువాడూ చెప్పడు. జిమ్నీ ఖాళీ బరువు 1200 కిలోల దగ్గర, మనుషులూ సరుకూ కలిపి ఉండదగ్గ మొత్తం బరువు 1545. మధ్యలో మిగిలేది 345 కిలోలు. నలుగురు మనుషులు ఎక్కితే 280 పోయింది. స్టీల్ తాడు ఉన్న వించ్ ఒక్కటే ముప్పై కిలోలు దాటుతుంది, దాన్ని మోసే బంపర్ ఇంకో ముప్పై నలభై. తోటకి ఎరువు బస్తా వేస్తావు కదా, అదెక్కడ పెడతావు? పైగా ఈ బరువంతా ముందు చక్రాలకి కూడా ముందుకి వేలాడుతుంది. ముందు స్ప్రింగులు కుంగుతాయి. అప్పుడు లిఫ్ట్ కిట్ నిజంగానే అవసరం పడుతుంది, ఆ షాపుకే మళ్లీ వెళ్తావు.

మూడోది, నువ్వు అడగనిది. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నావు. ముందూ వెనకా డిఫరెన్షియల్ ఆయిల్, గేర్ బాక్స్ ఆయిల్, ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు వెనక చక్రాలకి పంచే పెట్టె) ఆయిల్ దించి చూడు. పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే పాత ఓనర్ నీళ్లలో దింపాడని అర్థం. బుష్‌లు, బాల్ జాయింట్లు, బ్రేక్ ప్యాడ్లు చూపించు. లక్షన్నరలో మొదటి ఖర్చు ఇది. ఫొటో తీసి పెట్టుకోవడానికి మాత్రం ఏమీ కనపడదు.

పర్లాకిమిడి_థార్:
షెడ్డు మాస్టారూ, లిఫ్ట్ దండగ అన్నట్టు రాశారు. డిఫరెన్షియల్ లేవదు, నిజమే. మరి నడుము (ముందు వెనక చక్రాల మధ్య అడుగుభాగం) మాటేమిటి? ఐదు డోర్ల జిమ్నీ వీల్‌బేస్ (ముందు వెనక చక్రాల మధ్య దూరం) 2590 మిల్లీమీటర్లు, మూడు డోర్లది 2250. పొడుగు పెరిగింది కాబట్టి నడుము తగిలే కోణం 28 నుంచి 24 డిగ్రీలకి పడిపోయింది. మహేంద్రగిరి వైపు రాతి మెట్లున్న చోట్ల డిఫరెన్షియల్ పక్కనుంచి తప్పించుకోవచ్చు, నడుముని ఎలా తప్పిస్తారు? నా థార్ కంపెనీ నుంచే 226 మిల్లీమీటర్లతో వచ్చింది, దానికే అక్కడక్కడ కింద తగులుతుంది. ఒక అంగుళం లిఫ్ట్ అయినా అడగడంలో తప్పులేదు.

రాయగడ_షెడ్డు:
మీరన్న కోణం మాట ఖాయం. గట్టు ఎక్కి దిగేచోట లిఫ్ట్ పనికొస్తుంది, అది కాదనను. కానీ ఈ అబ్బాయి దారి రాతి మెట్లది కాదు, మట్టి గాడులది. అతనికి నడుము తగిలినా పాడవకుండా ట్రాన్స్‌ఫర్ కేస్ కింద మందపాటి ప్లేటు బిగిస్తే సరిపోతుంది. లిఫ్ట్ చేశాక యాక్సిల్ (ఇరుసు) పక్కకి జరుగుతుంది, దాన్ని మళ్లీ మధ్యకి తేవాలి, స్టీరింగ్ తిరిగి దానంతటదే నిటారుకి వచ్చే గుణం తగ్గుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారుతుంది. ఇవన్నీ సరిచేసే సామాను లేకుండా ఉత్త స్ప్రింగులు మార్చి పంపిస్తున్నారు. అలాంటి బండితో సాలూరు ఘాటీ దిగితే మలుపు మలుపుకీ టెన్షనే.

కోరాపుట్_ఫైళ్లు:
కాగితాల సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. బుల్ బార్, క్రాష్ గార్డ్ లాంటి వాటిమీద చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకి రాసింది.

జిమ్నీలో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. గుద్దుకున్నప్పుడు ముందుభాగం నలిగే తీరుని బట్టి అవి తెరుచుకోవాలో లేదో నిర్ణయమవుతుంది. అక్కడ ఇనప దూలం బిగిస్తే ఆ లెక్క మారుతుంది. క్లెయిమ్ దగ్గర ఇన్సూరెన్స్ వాళ్లు పట్టుకునేది కూడా ఇదే. ఒడిశాలో బండి, ఆంధ్రలో తిరుగుడు, చెక్‌పోస్టు దగ్గర రెండు రాష్ట్రాల వాళ్లకీ సమాధానం చెప్పుకోవాలి.

గుణుపురం_గుర్ఖా:
ఆ లెక్కన ఈ చర్చలో ఉన్నవాళ్లలో సగం మంది బండ్లు ఇంట్లోనే పెట్టుకోవాలి సార్.

కోరాపుట్_ఫైళ్లు:
పెట్టుకోమనలేదు బాబూ. బండికి బిగించక్కర్లేనివి ముందు కొనుక్కోండి అంటున్నాను. టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్, తాడు, దాన్ని తగిలించే షాకిల్, పార ఇవన్నీ డిక్కీలో పడుంటాయి, వాటిని ఎవడూ ఏమీ అనడు.

సీలేరు_నీళ్లు:
స్నార్కెల్ గురించి ఒక ముక్క. గెడ్డ దాటడానికి అది పెడితే చాలనుకుంటారు. ఇంజన్ పీల్చే గాలిని పైనుంచి తెస్తుంది, అంతే. ఇంజన్‌లోకి నీళ్లు వెళ్తే నీరు నొక్కుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఆ ఒక్కదాని నుంచి కాపాడుతుంది. వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీళ్లని లాగేస్తుంది. షెడ్డు గారు చెప్పిన తెల్ల ఆయిల్ అలాగే వస్తుంది. దానికి మందు బ్రీదర్ గొట్టాలు (డిఫరెన్షియల్ లోపలికి గాలి ఆడే సన్న గొట్టాలు) పొడుగు చేసి పైకి కట్టుకోవడం, చాలా తక్కువ ఖర్చు. ప్రవాహం ఉన్న చోట మోకాలి లోతు దాటితే నేనైతే ఆగిపోతాను, స్నార్కెల్ ఉన్నా సరే. జిమ్నీ తేలిక బండి, నీళ్లు పక్కకి తోసేస్తాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లాలో గెడ్డలు ఎలా పొంగాయో చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

ఘాటీ_డ్రైవర్:
పైన ఎల్‌ఈడీ బార్ వద్దే వద్దు. రాత్రి ఘాటీలో ఎదురొచ్చే బస్సు డ్రైవర్‌కి కళ్లు కనపడకపోతే లోయవైపు ఉండేది ఎవరో ఆలోచించుకోండి. పొగమంచులో మీకూ తెల్ల గోడ తప్ప ఏమీ కనపడదు.

జయపురం_కాఫీ:
అందరికీ థాంక్స్. లిఫ్ట్, బార్, స్నార్కెల్ కొట్టేశాను. ముందు సర్వీస్, ఆయిళ్లు, బ్రీదర్లు. తర్వాత టైర్లు. ఇంకో రెండు సందేహాలు. 215 ఏటీ వేస్తే స్టెప్నీ పాతదే ఉంచుకోవచ్చా? ఎంటీ (మడ్ టెరైన్) టైర్లు బురదకి ఇంకా మంచివంటున్నారు, అవి ఎందుకు వద్దు?

ఘాటీ_డ్రైవర్:
స్టెప్నీ కూడా అదే సైజు వేయించండి. ఫోర్ వీల్‌లో వేశాక ముందూ వెనకా చక్రాలు ఒకే వేగంతో తిరగాలి, ఒకటి చిన్నదైతే ట్రాన్స్‌మిషన్ మీద ఒత్తిడి పడుతుంది. ఎంటీ బురదలో బాగా తవ్వుకుపోతుంది, నిజమే. కానీ మీరు తిరిగేది ఎక్కువ తారు రోడ్డు. తడి తారు మీద ఎంటీకి బ్రేక్ ఆలస్యంగా పడుతుంది, మోత వేరే. సాలూరు ఘాటీలో వానపడుతుంటే నాకు ఏటీయే కావాలి. మట్టిలోకి దిగేముందు గాలి 18 దాకా దించండి, తారు ఎక్కగానే కంప్రెసర్‌తో నింపేయండి. గాలి తక్కువ ఉన్న టైరుతో వేగంగా పోతే వేడెక్కి పేలుతుంది. పదిహేను కిందకి దించితే రిమ్ము నుంచి ఊడిరావచ్చు, అది ఇసుకలో తప్పనిసరి అయితే తప్ప వద్దు.

గుణుపురం_గుర్ఖా:
సరే, టైర్లకి ఓటేశారు. కానీ ఒంటరిగా దిగబడితే ఏంటన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. పార, చక్రాల కింద పెట్టే ట్రాక్షన్ పలకలు సగం పనే చేస్తాయి. నేను వించ్ మాట వెనక్కి తీసుకోను. బండి మొత్తం బరువుకి ఒకటిన్నర రెట్లు లాగేది చూడాలి. జిమ్నీకి ఆ లెక్కన చిన్న వించే సరిపోతుంది, థార్‌కి వేసేది అక్కర్లేదు. సింథటిక్ తాడుది తీసుకుంటే బరువూ తగ్గుతుంది, తెగినా ఇనప తాడులా కొరడా దెబ్బ కొట్టదు.

రాయగడ_షెడ్డు:
గుర్ఖా గారి ప్రశ్న న్యాయమైనదే. ఒంటరిగా అడవిలో తిరిగేవాళ్లకి వించ్ కావాలి. ఈ తమ్ముడి దారిలో ట్రాక్టర్లు తిరుగుతాయని తనే రాశాడు. అతనికి ముందు కావాల్సింది ముందూ వెనకా చాసిస్‌కి గట్టిగా బిగించిన కొక్కాలు. కొన్ని బండ్లకి ఉండేవి లారీ మీద ఎక్కించి కట్టడానికి పెట్టిన కొక్కాలు, వాటికి తాడేసి గుంజితే ఊడి తూటాలా వస్తాయి. ట్రైలర్ తగిలించే గుండుకి అసలే వేయకూడదు. వచ్చే ఏడాది డబ్బు మిగిలితే చేత్తో తిప్పే వించ్ ఒకటి కొనుక్కోమను.

జయపురం_కాఫీ:
తాడు ఏ రకం కొనాలి మాస్టారూ? సాగే కైనెటిక్ తాడు అంటున్నారు. షాపులో థార్‌కి అమ్మేదే ఇస్తామన్నారు, మందంగా ఉంటే బలం కదా అని.

రాయగడ_షెడ్డు:
అదే తీసుకోవద్దు. కైనెటిక్ తాడు మూడోవంతుకి దగ్గరగా సాగి, ఆ సాగిన బలంతో బండిని పీకుతుంది. థార్ బరువుకి చేసిన మందపాటి తాడుని జిమ్నీ సాగదీయలేదు, మామూలు మోకులాగే జర్కు కొడుతుంది. బండి మొత్తం బరువుకి రెండు మూడు రెట్లు తట్టుకునేది, ఆ పరిధిలో సన్నగా ఉన్నది చూసుకో.

ఇంకొకటి, ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు కైనెటిక్ వాడకు. ట్రాక్టర్ డ్రైవర్ ఊపుతో గుంజితే చాసిస్ కొక్కెం ఆగదు. సాగని బెల్టు వేసి, ముందు బిగుతు రానిచ్చి, మొదటి గేరులో మెల్లగా లాగమను. నువ్వు ఫోర్ లో (నాలుగు చక్రాలకీ వేగం తక్కువ, బలం ఎక్కువ ఇచ్చే గేరు) వేసి స్టీరింగ్ నిటారుగా పట్టుకో. తాడు మీద తడి గోనెసంచి వేయించు, చూడటానికి చేరిన జనాన్ని దూరంగా నిలబెట్టు. వాళ్లు మాట వినరు, అయినా చెప్పు.