రిషివ్యాలీ పాఠశాల తొలితరం ఉపాధ్యాయుల, పూర్వ విద్యార్థుల వివరాలకై మనవి

తిరుపతిలో ఉంటున్న నేను, మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాలలో చదివినవారిని, చదువు చెప్పినవారిని గురించి తెలుగులో ఒక చిన్న పుస్తకం సిద్ధం చేస్తున్నాను. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు స్థాపించిన ఈ పాఠశాల గురించి ఇంగ్లీషులో చాలా రాశారు గాని, మన జిల్లా పాఠకులకు చేరింది తక్కువ.

1950లలో ప్రిన్సిపాల్‌గా పనిచేసిన గోర్డన్ పియర్స్ గారు, అక్కడ బోధించి తర్వాత 1972లో కోలారు జిల్లాలో నీల్‌బాగ్ బడిని నెలకొల్పిన డేవిడ్ హార్స్‌బర్గ్ గారు, పూర్వ విద్యార్థినులలో రచయిత్రి సునీతి నామ్‌జోషి గారు నాకు తెలిసినవారు. పేరుపొందిన విద్యార్థులను అందరూ గుర్తుంచుకుంటారు. వారికి చదువు నేర్పినవారిని, అందులోనూ తెలుగు, సంగీతం, చిత్రలేఖనం చెప్పిన మన ప్రాంతపు ఉపాధ్యాయులను, ఎక్కడా నమోదు చేయకపోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం ఆ సంస్థ నడిపిన ఏకోపాధ్యాయ బడులలో, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో కార్డుల సాయంతో ఎవరి వేగంతో వారు నేర్చుకునే పద్ధతిని నిలబెట్టిన స్థానిక ఉపాధ్యాయులు కూడా ఈ పుస్తకంలో ఉండి తీరాలి.

1980కి ముందు అక్కడ చదివినవారు గాని, పనిచేసినవారి కుటుంబసభ్యులు గాని ఇది చదివితే, ఆనాటి పాఠశాల పత్రికలు, తరగతి ఫోటోలు, ఉత్తరాలు మీ దగ్గర ఏమైనా ఉన్నాయా? ఉంటే నకలు తీసుకోవడానికి అనుమతిస్తారా? విన్న సంగతులైతే, ఎవరి ద్వారా విన్నారో కూడా దయచేసి తెలియజేయండి.