చర్చి విచారణ హాలు వలస కూలీలకు ఇవ్వడం ఆపేయాలా? (తిరుపతి)

కరకంబాడి రోడ్డు:
అందరికీ నమస్కారం. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఆరేళ్లు చేసిన ఫాదర్ గారికి బదిలీ అయ్యింది, వచ్చే నెల పోతా ఉండారు. ఆయన ఉన్నన్నాళ్లూ చర్చి పక్కన హాలుని ఒడిశా, జార్ఖండ్ నుంచి బిల్డింగ్ పనులకి వచ్చినోళ్లకి ఇచ్చినారు, గది చూసుకునేదాకా ఆడనే పడుకుంటారు, వండుకుంటారు. కొత్త ఫాదర్ గారు రాగానే ఇది ఆపేద్దామని సంఘంలో సగం మంది అంటా ఉండారు. నేనైతే ఆపకూడదంటాను. మీరేమంటారు?

చిత్తూరు పాతకాపు:
అన్నా, ఏమనుకోవద్దు. హాలు జనం చందాలతో కట్టింది, పెళ్లిళ్లకి ఇస్తే వచ్చే బాడుగతో పేదపిల్లల ఫీజులు కట్టొచ్చు కదా. మా విచారణలో గూడా ఇట్లాంటి ఫాదరే ఉండె, మంచాయనే, కానీ మా నాయన ఆఖరి గడియల్లో అవస్థ అభ్యంగనం (చావుబతుకుల్లో ఉన్నోళ్లకి ఫాదర్ నూనె పూసి చేసే ప్రార్థన) కోసం ఫోన్ చేస్తే ఆయన కూలీల జీతాల గొడవకని కాంట్రాక్టర్ దగ్గరికి పొయ్యుండాడు, వచ్చేలోపల నాయన పోయినాడు. నాలుగేళ్లయింది, ఇంకా మర్చిపోలేకుండా ఉండాను. విచారణ గురువంటే ముందు విచారణ జనానికే కదా.

పీలేరు చెల్లెలు:
మీ నాయన గారి మాట చదివి మనసు కలుక్కుమనింది అన్నా. కానీ మా ఇంటాయన సంగతి గూడా చెప్పనీండి. కువైట్‌కి డ్రైవర్‌గా పొయ్యిన కొత్తలో సేటు జీతం ఎగ్గొట్టి బయటికి తోసేస్తే, ఆడ చర్చికి పొయ్యే మలయాళీలు పదైదు దినాలు వాళ్ల గదిలో పెట్టుకుని అన్నం పెట్టినారు. మేం క్రిస్టియన్లం గూడా కాదు. పీలేరు, రాయచోటి దిక్కు ఎన్ని ఇళ్లల్లో గల్ఫ్ పోయినోళ్లు ఉండారో మీకు తెలీంది కాదు. మనోళ్లని ఆడ ఎవురో ఒకరు చేర్చుకోబట్టే కదా ఈడ మిద్దెలు లేచింది.

ఉపదేశి మాస్టారు:
ఇది ఫాదర్ గారు సొంతంగా పెట్టుకున్న పని అనుకోవద్దండి. 1983 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో 529వ నియమం విచారణ గురువు పనులు చెప్తా, కుటుంబాలను చూడాలి, చావుబతుకుల్లో ఉన్నోళ్ల పక్కన ఉండాలి అంటుంది, ఆ వెంటనే పేదల్ని, ఒంటరోళ్లని, సొంత దేశం విడిచొచ్చినోళ్లని వెతుక్కుని పోవాలంటుంది. రెండూ ఒకే నియమంలో ఉండాయి. పోప్ ఫ్రాన్సిస్ గారు ఎన్నికైనాక రోమ్ దాటి మొదటి అధికారిక పర్యటనకి పోయింది ఇటలీలోని లాంపెదూసా దీవికి, 2013 జూలై 8న, సముద్రంలో మునిగి చచ్చిపోయిన వలసోళ్ల కోసం పూజ చేయడానికి. ఇటలీలో పియచెంజా బిషప్ స్కలబ్రీని గారు మిలాన్ రైల్వే స్టేషన్‌లో అమెరికా పొయ్యే పేదోళ్ల గుంపుని చూసి తట్టుకోలేక 1887లో వాళ్ల కోసమే ఒక గురువుల (ఫాదర్ల) సంస్థ పెట్టినారు. ఆయనే తన మేత్రాసనంలో (బిషప్ కింద ఉండే ప్రాంతంలో) విచారణలన్నీ అయిదుసార్లు తిరిగినారు, కొండదారుల్లో కంచరగాడిదల మీద గూడా పోయినారు. 2022లో పునీతుడని ప్రకటించినారు. ‘పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి’ అని మత్తయి 25లో ప్రభువు చెప్పింది మనకి గూడా కదా.

చిత్తూరు పాతకాపు:
మాస్టారూ, వాక్యం కాదనను. అన్నీ ఒక్క ఫాదర్ నెత్తినే వేసేది తప్పంటా ఉండా. ఆ పొద్దు కాంట్రాక్టర్ దగ్గరికి సంఘంలో ఇంకొకరు పొయ్యుంటే ఆయన మా ఇంటికి వచ్చుండు కదా.

కరకంబాడి రోడ్డు:
ఆ మాట నిజం అన్నా, మేమూ అన్నీ ఆయనకే వదిలేసినాం. పోయినేడు సుందర్‌గఢ్ పిల్లోడు ఒకడికి సెంట్రింగ్ పనిలో వేలు నలిగితే, రాత్రి పదకొండుకి ఫాదర్ గారే స్కూటీ మీద రుయా ఆసుపత్రికి తీసుకపోయినారు, నేను ఇంట్లో పడుకోనుండా. పొద్దున హాలుకి పోతే ఆ పిల్లోడు ఎడమచేత్తో గిన్నెలో నీళ్లన్నం కలుపుకుంటా ఉండాడు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టుకుని. వాళ్లు దాన్ని పఖాళ అంటారంట. మా అమ్మ పెట్టే సద్దన్నమే అది. ఆదివారం పూజ అయినాక సంఘం మీటింగ్ ఉంది. రాత్రి ఆసుపత్రి, కాంట్రాక్టర్లతో మాటలు యూత్ పిల్లోళ్లూ నేనూ చూసుకుంటామని, పెళ్లిళ్లున్న దినాల్లో కూలీలని పిల్లోళ్లకి ఉపదేశం చెప్పే గదిలోకి మారుస్తామని రాసి ఇస్తా ఉండాను. పాతకాపన్నా, నువ్వు గూడా వచ్చి మీ నాయన సంగతి అందరి ముందర చెప్పన్నా.