కాంక్రీటు కింద పగిలిన షవర్ డ్రెయిన్ పైపు: లోపల సన్న పైపు దూర్చితే నిలుస్తుందా?

మా ఇంటి కింది అంతస్తు స్నానాల గదిలో నీళ్లు పోయే 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు నేల కింద పగిలింది. నేల మీది నీళ్లు పైపులోకి దిగే నహానీ ట్రాప్ మార్చడానికి మేస్త్రీ టైల్ తీస్తుండగా ఉలి దెబ్బ తగిలింది. ట్రాప్ దాటగానే, కాంక్రీటు అంచుకు అర అంగుళం లోపల, వేలెడు పొడవు చీలిక. టార్చి వేస్తే అందులోంచి తడిసిన ఇసుక కనిపిస్తోంది.

మొదట ఎపాక్సీ ముద్ద పెట్టి రోజంతా ఆరనిచ్చాం. మూడో రోజుకే ఊడివచ్చింది. తర్వాత చుట్టూ రెండు అంగుళాలు చెక్కి, నిలువుగా కోసిన పైపు ముక్కకు సాల్వెంట్ సిమెంటు (పీవీసీ జిగురు) పూసి పైన తొడిగాం. అడుగున తడి ఆరకపోవడంతో అదీ పట్టలేదు. పైపు వెళ్లి కలిసే బయటి చాంబర్ (మురుగు తొట్టి) దగ్గర పైపు మూతికి గుడ్డ కుక్కి నీళ్లు నింపితే, ట్రాప్‌లో మట్టం అరగంటకు రెండు అంగుళాలు దిగుతోంది. పక్క గది గోడ అడుగున రంగు పొక్కుతోంది. అదే నా భయమంతా.

చాంబర్ వరకు ఏడడుగులు, మధ్యలో వంపు లేదు. మేస్త్రీ నేలంతా పగలగొట్టాలంటున్నారు. మరో ప్లంబర్ మాత్రం 63 మిల్లీమీటర్ల పైపును చాంబర్ వరకు లోపలికి దూర్చి, ట్రాప్ దగ్గర, వేర్వేరు సైజుల పైపులను కలిపే రెడ్యూసర్‌తో కలిపితే చాలంటున్నారు. వాలు బాగానే ఉంది కాబట్టి నాకూ ఇదే నయమనిపిస్తోంది. కానీ వెంట్రుకలు, సబ్బు జిడ్డు అడ్డుపడితే మళ్లీ తవ్వాల్సిందే.

ఇలా పైపులో పైపు వేయించినవారు ఎవరైనా ఉంటే, రోజూ నలుగురు స్నానం చేసే ఇంట్లో అది నీళ్లు నిలవకుండా, కారకుండా పనిచేస్తోందా?