శనివారం హాల్ ఇవ్వరట, ఏం చేద్దాం?

(అమెరికాలో చదువుకునే సీమవాళ్ళ గ్రూపు చాట్. ఇక్కడ ఒక్కొక్కరినీ వాళ్ళ ఊరి పేరుతోనే పిలుస్తారు.)

నంద్యాల: ఇంజనీర్స్ డే పనులు మళ్ళీ ఒకసారి. చెరువు మోడల్ తాడిపత్రి. సర్టిఫికెట్లు ఆదోని. ప్రొఫెసర్‌ను పిలవడం రాజంపేట. రాత్రికి సంగటి, కోడి పులుసు ప్రొద్దుటూరు అన్న. ఇదంతా తర్వాత, ముందు ఇది వినండి. హాల్ ఆఫీసు నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. తడి మట్టి, నీళ్ళు లోపలికి తేకూడదట. బయట వండిన భోజనమూ కుదరదట. ఈరోజు గురువారం! కొత్తగా ఎమ్మెస్‌కు వచ్చిన 18 మందికీ చెప్పేశాం.

ఆదోని: ఫారంలో నీళ్ళ సంగతి ఎవరు రాయమన్నారక్కా? ఉత్త డెమో అని రాస్తే పోయేది.

నంద్యాల: బరువెంత అని అడిగారు. 200 లీటర్ల నీళ్ళు, మట్టి, తొట్టి. సివిల్ చదువుతూ బరువు దాచమంటావా?

ఆదోని: డిపాజిట్ అన్నా వస్తుందా?

నంద్యాల: 150 డాలర్లు, నా కార్డు మీద కట్టా. 72 గంటల ముందు చెప్పలేదు కాబట్టి రాదట. వద్దన్నదీ వాళ్ళే, పట్టుకున్నదీ వాళ్ళే. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) జీతం నెలాఖరుకు గానీ పడదు.

తాడిపత్రి: మూడు వారాలుగా ల్యాబ్ అయిపోయాక కూర్చుని ఆ కట్ట తట్టా. మోడల్ లేకపోతే నేను రాను.

ప్రొద్దుటూరు: నువ్వు రాకపోతే ఒక ప్లేటు మిగులుతుంది నాయనా. కోళ్ళకు ఆర్డర్ ఇచ్చి కూర్చున్నది నేను.

తాడిపత్రి: కోడి ఫ్రిజ్‌లో ఉంటుందన్నా. కట్ట ఎండి నెర్రెలిస్తే మళ్ళీ మొదటికే. కట్ట అడుగున ఒక సగానికి ఇసుక, కంకర ఫిల్టర్ వేశా, రెండో సగానికి వేయలేదు. వేసిన వైపు ఊట తేటగానే ఉంటుంది. వేయని వైపు మొదట తేటగా వచ్చి, అరగంటకు టీ రంగుకు తిరుగుతుంది. అంటే లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. మా ఊళ్ళో చెరువు నీళ్ళు పంచే నీరుగంటి తాత దోసిట్లో పట్టి చూసి చెప్పేవాడు. ఇక్కడ దాన్నే పైపింగ్ అని చెప్పి మిడ్‌టర్మ్ పెట్టారు.

ఆదోని: చివర్లో కట్ట తెగితే కొత్త పిల్లలకు భలే మజా!

రాజంపేట: మజా అనొద్దు. 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు మా అత్తవాళ్ళ ఇంట్లో మిగిలింది గోడ గడియారం ఒకటే. అక్కడ ఊట కూడా కాదు. పైనున్న పింఛా డ్యామ్ నీళ్ళు వచ్చిపడి మట్టికట్ట మీదుగా దూకాయి.

ఆదోని: సారీ అక్కా. మీవాళ్ళు అక్కడున్నారని తెలీదు.

పోరుమామిళ్ల: వీసా స్టాంపింగ్‌కని వచ్చి ఊళ్ళోనే ఉన్నా. పొద్దున లేచి ఇదంతా చదివా. హాల్ లేకపోతే పోనీ, మా పోరుమామిళ్ల చెరువునే చూపిస్తా. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించింది, 1369 నాటి శాసనం ఉంది. అందులో మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు రాశారు. మొదటి దోషం కట్ట నుంచి నీళ్ళు ఊరడం, అంటే తాడిపత్రి టీ నీళ్ళు. ఆరోది నేల తక్కువ, నీళ్ళెక్కువ. రాజంపేట అక్క చెప్పినదానికి దగ్గరగా ఉండేది అదే. కట్ట మీద నిలబడి వీడియో కాల్ చేస్తా. ఈ చెరువుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పనిచేశాయట. మనం ఆరుగురం ఒక పూటకే కొట్టుకుంటున్నాం.

నంద్యాల: మాకు సాయంత్రం 6 అంటే నీకు తెల్లవారుజామున మూడున్నర. చీకట్లో ఏం చూపిస్తావు?

పోరుమామిళ్ల: పొద్దున 8కి పెట్టండి. నాకు సాయంత్రం ఐదున్నర, వెలుతురుంటుంది.

ప్రొద్దుటూరు: పొద్దున 8కి సంగటి ఎవరు తింటారు?

నంద్యాల: ఉగ్గాని, బజ్జీ చేయన్నా.

ప్రొద్దుటూరు: ఉగ్గానికి బొరుగులు కావాలి, ఇక్కడి స్టోర్లో దొరికేవి భేల్‌పూరీ బొరుగులు. మనవాటిని ముంచినట్టు నీళ్ళలో ముంచితే ఇవి ముద్దయిపోతాయి. సరేలే, జల్లెడలో పోసి నీళ్ళు చల్లుతా. పప్పుల పొడి ఎవరి దగ్గరైనా ఉందా?

రాజంపేట: మా అమ్మ పంపింది డబ్బా నిండా ఉంది. పార్కులో షెడ్డు శనివారం 11 దాకా ఖాళీ, 40 డాలర్లు కట్టేశా. కుళాయి ఉంది, ప్లగ్ లేదు. ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జింగ్‌తో తెండి.

తాడిపత్రి: కుళాయి ఉందా? అయితే మోడల్ తెస్తా! తొట్టి ఖాళీగా మోసి, నీళ్ళు అక్కడే పట్టుకుందాం. కట్ట మీద తడి గోనెసంచి కప్పాలి. బండి ఎవరిస్తారు?

ఆదోని: నేను తెస్తా. ఆరున్నరకు ల్యాబ్ దగ్గరుంటా. మోయడానికి ఇంకో ఇద్దరు కావాలి.

రాజంపేట: తమ్ముడూ, ఫిల్టర్ లేని వైపు తెగనివ్వద్దు.

తాడిపత్రి: రంగు మారగానే తూము తెరిచి నీళ్ళు తీసేస్తా అక్కా.

పోరుమామిళ్ల: ఇప్పుడే వెళ్ళి చూసొచ్చా. తూము దగ్గర సిగ్నల్ లేదు, మరవ (చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటు) దగ్గర రెండు గీతలు వస్తోంది. అక్కడే నిలబడతా.

ప్రొద్దుటూరు: కోళ్ళు క్యాన్సిల్ చేశా. బజ్జీ మిరపకాయలు రెండు కిలోలు చాలా?